దుర్యోధనుడు పడ్డాక

చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరికొచ్చేసరికి మైదానంలో మట్టితో చేసిన భారీ దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. భీముడు తొడ విరగ్గొడతాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. కథ అయిపోయినట్టే కదా?

కాలేదు. అగ్నిగుండం ఉంది, ఆపై ధర్మరాజు పట్టాభిషేకమూ ఉంది.

వ్యాసుడిదీ ఇదే పద్ధతి. దుర్యోధనుడు కూలేది 9వదైన శల్యపర్వంలో. ఆ తర్వాత ఇంకా 9 పర్వాలు! స్త్రీపర్వంలో ఏడుపులు, మౌసలంలో యాదవుల నాశనం. ఆఖరున స్వర్గానికెళ్లిన ధర్మరాజుకు అక్కడ వైభవంగా కూర్చున్న దుర్యోధనుడే కనిపిస్తాడు. మరి 18 రోజుల యుద్ధం దేనికి? ఆ ప్రశ్న అడగడానికి ఉపసంహారంలో తప్ప చోటు లేదు.

సంస్కృత నాటకం భరతవాక్యంతో లోకానికి శుభం కోరి ముగుస్తుంది. మర్యాదే గానీ, కొంచెం తొందరపాటు.

తిరుపతి గంగజాతర ఇంకా లోతుకు వెళ్లింది. దొర వేషంలో పాలెగాణ్ని చంపిన గంగమ్మ, తర్వాత మాతంగి వేషంలో వెళ్లి అతని భార్యను ఓదారుస్తుందని ఇక్కడివాళ్లు చెబుతారు. భరతవాక్యం తొక్కని గడప అది. జాతర ముగింపులో అమ్మవారి మట్టి విశ్వరూపానికి చెంప నరికాక, ఆ మట్టి కోసం భక్తులు ఎగబడతారు.