పెట్టుడు కురుల ప్రతాపం

ఒకప్పుడు మన ఇళ్లలో అద్దం పక్కన మేకుకు వేలాడే సొమ్ము సవరం. బంగారం కాదు, అయినా సొమ్మే. పెళ్లికి బయలుదేరే ముందు నగల పెట్టె కన్నా ముందు దాన్నే వెతికేవారు. పల్చబడ్డ జడలో పాయలుగా కలిసిపోయి, పైన మల్లెచెండు, కొసకు జడగంటలు పడ్డాక, తలలో మొలిచిందేదో, తెచ్చి కట్టిందేదో అల్లిన చేతికే ఆనవాలు దొరికేది కాదు. ఇప్పుడు విగ్గులొచ్చాయి, ఎక్స్‌టెన్షన్లొచ్చాయి. ఏ పేరున వచ్చినా పెట్టుడు జుట్టును చూస్తే నాకు భక్తి లాంటిదే కలుగుతుంది. అది పెట్టుడని అందరికీ తెలుసు. అయినా నమ్ముతారు!

ఆ నమ్మకం నిండుగా పండేది చిందు యక్షగానంలో. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఐదు దశాబ్దాల ఆట, 19 వేలకు పైగా ప్రదర్శనలు. పగలు పొలం గట్టున కనిపించిన మనిషే రాత్రి ముఖానికి రంగు పూసుకుని, భుజకీర్తులు కట్టి, కిరీటం కింద నల్లని కురులు భుజాల మీద పరుచుకుని అడుగు వేస్తాడు. అంతే, అతను మన ఊరివాడు కాడు. కోరమీసం అతికిందా, రాజే. అరుగు మీది ముసలమ్మకు ఆ కురులు ఎక్కడివో తెలుసు, ఆ మీసం ఎట్లా నిలిచిందో తెలుసు. దేవుడి వేషం ఎదురుగా వచ్చేసరికి ఆమె చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. నటుడికి గొంతు ఉంది, తాళం ఉంది, కాళ్లలో చిందు ఉంది. అయినా ఆ గుప్పెడు వెంట్రుకలు లేకపోతే అవతలి లోకం తలుపు సగమే తెరుచుకుంటుంది.

దేవుడికే పెట్టుడు మీసం చేయించిన జిల్లా కూడా మనకు ఉంది. మహబూబాబాద్ దగ్గరి కురవి వీరభద్రుడు కోరమీసాల స్వామి. ఆయనకు మీసాలు మొక్కుకోవడం వాడుక. తెలంగాణ వస్తే బంగారు మీసం చేయిస్తానని మొక్కుకున్న కేసీఆర్, 2017 శివరాత్రి నాడు వచ్చి ఆ మొక్కు తీర్చుకున్నారు. ఒక రాష్ట్రం పుట్టుక ఒక మీసం మీద లెక్క తేలడం మరెక్కడైనా ఉందా? నాకైతే ఎంత తలుచుకున్నా తనివి తీరదు.

అటు భూపాలపల్లి జిల్లాలో, గోదావరి ప్రాణహితను కలుపుకునే కాళేశ్వరంలో, ఒకే పానవట్టం మీద శివుడు, యముడు రెండు లింగాలుగా కొలువుంటారు. అక్కడి రేవులో జనం తలనీలాలు ఇచ్చి నున్నటి తలలతో నవ్వుతూ మునుగుతారు. ఇచ్చేవాళ్లకు అది మొక్కు, కొనేవాళ్లకు సరుకు. తిరుమల కల్యాణకట్టలో రాలిన నీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. కుదురు ఒకవైపు, కొస ఒకవైపు చెదరకుండా ఉన్న జుట్టుకు గిరాకీ ఎక్కువ. వెంట్రుక పైపొర చేపపొలుసుల్లా కొసవైపు వాలి ఉంటుంది, తలకిందులైతే చిక్కుపడుతుంది. ఆ జుట్టు విగ్గులై సముద్రాలు దాటి యూదు స్త్రీల శిరస్సులెక్కింది. 2004లో జెరూసలేం మతగురువు ఒకరు అది విగ్రహారాధనలో ఇచ్చిన జుట్టు అని నిషేధించగానే, న్యూయార్క్‌లో కొందరు ఆ విగ్గులను వీధిలో తగలబెట్టారు. మన వెంట్రుకకు అంత మహిమ ఉందని మనకే తెలియదు!

ఇక దువ్వెనకు వచ్చి ఉండలు కట్టిన వెంట్రుకలది మరో కథ. వాటిని కవర్లో దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. స్టీలు గిన్నెల గంప నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి గల్లీలోకి రాగానే బేరం మొదలు. గుప్పెడు ఎంటికలకు ఆమె చెంచా ఇస్తానంటుంది. ఇల్లాలు మూతతో సహా డబ్బా అడుగుతుంది.