రేడియేటరు నీళ్లు ఎక్కడ పొయ్యాలి?

నీతిని గురించిన చర్చ మన పత్రికలలో పెద్ద సందర్భాలకే పరిమితమవుతున్నది. రోజువారీ పనిలోని నీతి ప్రశ్నను మనం తేలికగా దాటిపోతున్నాం. ఈ లోపాన్ని ఎత్తిచూపడానికి పాత లారీ రేడియేటరును దృష్టాంతంగా తీసుకుంటాను.

అత్తిలి చుట్టుపక్కల ధాన్యం మోసే పాత లారీలలో ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య పైన ఒకటి, కింద ఒకటి రబ్బరు గొట్టాలుంటాయి. ఇంజను వేడిని మోసుకొచ్చిన నీరు పైగొట్టంలోంచి వచ్చి, రేడియేటరులో చల్లబడి, కిందిగొట్టం గుండా తిరిగి పంపుకు చేరుతుంది. వేడికీ, చమురు తడికీ రబ్బరు లోపలినుంచే చెడవచ్చు. పైకి మాత్రం నిగనిగలాడుతూ వుంటుంది. ఇంజను చల్లారాక క్లిప్పు పక్కన నొక్కి చూడాలి. మరీ మెత్తబడినా, కర్రలా బిగుసుకున్నా దాని ఆయువు తీరినట్లే. వేడిమీద మూత తీస్తే ఒత్తిడిలో వున్న నీరు ఆవిరై ముఖాన చిమ్ముతుంది.

గొట్టం ఖరీదు లారీ ఖరీదులో ఏ మూలకు? అయినా "ఈ పంటకు లాగించు" అనే యజమానులున్నారు. అక్కడ ఆదా యజమానిది. దారిలో గొట్టం పగిలితే కాలే చెయ్యి డ్రైవరుది. ఇంతవరకు ప్రశ్న సులభమే.

కష్టమైన ప్రశ్న తర్వాత వస్తుంది. కొత్త గొట్టం వెయ్యడానికి ముందు పాత నీరు దింపాలి. అది వట్టి నీరు కాదు. కూలెంటులో సాధారణంగా వుండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుంటుంది, మూత్రపిండాలను చెడగొడుతుంది. పశువు తాగినా ప్రమాదమే. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ల అతుకులలోని సీసం కూడా అందులోకి దిగవచ్చు. దాన్ని రోడ్డువార గుంటలో పోస్తున్న ఒక మెకానిక్‌ను నేనడిగాను. "ఎక్కడ పొయ్యమంటారండీ మేష్టారూ? డబ్బాలో పట్టి వుంచుతాను. ఆ డబ్బా ఎవరొచ్చి పట్టుకెళ్తారండీ?" అన్నాడతను.

అతన్ని తప్పుపట్టి ఊరుకోవడం పెద్దమనుషుల నీతి. వ్యవస్థ మారేదాకా అతనికే బాధ్యతా లేదనడం మనలో కొందరి నీతి. రెండూ సరికావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత ఈ డెల్టాలో నీరు ఏ ఒక్కరి ఇంటి వ్యవహారమూ కాకుండా పోయింది. గుంటలో పోసింది వానకు బోదెలోకి, అక్కడనుంచి మురుగుకాలువలోకి పోతుంది. ఎద్దడి రోజులలో శివారు రైతు ఆ మురుగునీటినే ఇంజనుపెట్టి తోడుకుంటాడు. ఆ చేలో దిగే కూలీ మెకానిక్‌కు పరాయివాడు కాడు. కనుక ఇది శ్రామికుడిమీద బయటివారు రుద్దే నీతి కాదు. శ్రామికులు ఒకరికొకరు పడిన బాకీ. ప్రకృతిమీద మనిషి విజయాలు అనుకోని ఫలితాలతో ఎదురు తిరుగుతాయని 1925లో అచ్చయిన "ప్రకృతి గతితర్కం"లో ఎంగెల్స్ హెచ్చరించాడు.

బాకీ అందరిదీ అయినంతమాత్రాన వాటాలు సమానం కావు. ఎవరి చేతిలో ఎంత అధికారముందో వారిది అంత బాధ్యత. గొట్టంతోపాటు పాత నీటి ఖర్చూ యజమాని బిల్లులో చేరాలి. డ్రమ్ములు సేకరించి శుద్ధిచేసేచోటికి పంపే ఏర్పాటు పంచాయతీలూ, ప్రభుత్వమూ చెయ్యాలి. కిందపోకుండా తొట్టి పట్టడం మెకానిక్ పని. ఆ మూడింటినీ ఒకేసారి అడగగలిగేది కార్మిక సంఘం. కూలి రేట్లతోపాటు ఈ డ్రమ్మునూ అది తన కోర్కెల పత్రంలో చేర్చాలని నా అభిప్రాయం.