శ్రుతిశుద్ధి: స్వయంభువా, సర్దుబాటా?

గిటారును చెవితో శ్రుతి చేయడమంటే రెండు తీగల్ని కలిపి మీటి, వాటి మధ్య వినిపించే తేడాను పోగొట్టడం. రెండు తీగలు ఒకే స్వరానికి దగ్గరపడ్డప్పుడు నాదం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. భౌతికశాస్త్రంలో ఈ ఊపులకు విస్పందనాలని పేరు. 110 హెర్ట్జ్‌ల తీగ పక్కన 111 హెర్ట్జ్‌ల తీగ మోగితే సెకనుకు ఒక ఊపు వినిపిస్తుంది. తీగ బిగించేకొద్దీ ఊపు నెమ్మదించి, ఒక చోట ఆగిపోతుంది. ఆ ఆగే చోటు పండితుడికీ పామరుడికీ ఒకటే. శ్రుతి మనుషులు పెట్టుకున్న ఏర్పాటు కాదని, సృష్టిలోనే ఉందని నమ్మడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదనిపిస్తుంది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఆరు తీగల లెక్క తేలుస్తుంది.

శుద్ధమైన స్వరసంవాదాలన్నీ చిన్న సంఖ్యల నిష్పత్తులు. షడ్జానికి తారషడ్జం రెట్టింపు, పంచమం 3:2, శుద్ధ మధ్యమం 4:3, అంతర గాంధారం 5:4. గిటారు తీగలు మంద్రం నుంచి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. పక్కపక్క తీగల మధ్య షడ్జ–మధ్యమాల దూరం ఉంటుంది. జీ, బీల మధ్య మాత్రం షడ్జ–గాంధారాల దూరం. మొదటి ‘ఈ’ తీగకూ చివరి ‘ఈ’ తీగకూ సరిగ్గా రెండు స్థాయిల ఎడం, అంటే నాలుగు రెట్లు ఉండాలి. నాలుగు మధ్యమాలను, ఒక గాంధారాన్ని ఊపు లేకుండా శుద్ధంగా కలుపుకుంటూ పోతే వచ్చేది 320/81, అంటే దాదాపు 3.95 రెట్లు. 82.4 హెర్ట్జ్‌లతో మొదలైన శ్రుతి 329.6కు చేరవలసింది 325.6 దగ్గరే ఆగుతుంది. రెండు ‘ఈ’ తీగల్నీ కలిపి మీటితే మంద్రపు తీగలోని నాలుగో అనుస్వరానికీ (మూలనాదంతో పాటే మోగే నాలుగు రెట్ల నాదానికీ) పై తీగకూ మధ్య సెకనుకు నాలుగు ఊపులు వినిపిస్తాయి. ప్రతి జంటా నిక్కచ్చిగా కలిసింది. మొత్తం మాత్రం కలవలేదు. శ్రుతి చేసినవాడి చెవిలో లోపం లేదు. మిగిలిన తేడా 81/80, ఆ నిష్పత్తులలోనే ఉంది.

ఈ తేడా భారతీయ సంగీతశాస్త్రానికి కొత్త కాదు. భరతుడి నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో రెండు వీణల ప్రయోగం ఉంది. ఒకదాని శ్రుతి మార్చకుండా ఉంచి, రెండోదాని పంచమాన్ని ఒక శ్రుతి తగ్గిస్తారు. ఇక్కడ శ్రుతి అంటే స్వరాల ఎడాన్ని కొలిచే సూక్ష్మ ప్రమాణం. ఆ తగ్గింపే ప్రమాణశ్రుతి. దాని విలువ 81/80 అని ఆధునిక పండితులు చాలామంది లెక్కగట్టారు. భరతుడి పద్ధతిలో తొమ్మిది లేదా పదమూడు శ్రుతుల ఎడం ఉన్న స్వరాలే సంవాదులు, అంటే కలిసే స్వరాలు. షడ్జగ్రామమనే స్వరక్రమంలో పంచమం షడ్జానికి పదమూడు శ్రుతుల దూరంలో ఉండి దానితో కలుస్తుంది. రిషభానికి పది శ్రుతుల దూరంలో ఉండి కలవదు. మధ్యమగ్రామమనే రెండో క్రమంలో ఆ పంచమం ఒక శ్రుతి దిగి రిషభంతో కలుస్తుంది, షడ్జాన్ని వదులుకుంటుంది. ఒకే స్వరం ఆ రెండింటితోనూ శుద్ధంగా ఉండలేదు. గిటారు వాయించేవారు తప్పని భావించే తేడాను భరతుడు కొలబద్దగా తీసుకున్నాడు.

తర్వాతి కాలంలో ఇదే ప్రశ్న గుంటూరు సీమకూ వచ్చింది. విజయనగర పాలకుడు అళియ రామరాయల ప్రోత్సాహంతో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రచించాడు. గుంటూరు ప్రాంతంలోని కొండవీటి సీమను ఏలినట్టు శాసనాల్లో కనిపించే బయకార రామప్ప ఇతడేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. వీణకు మెట్లు అమర్చే విధానం వివరిస్తూ అతడు స్వయంభూ స్వరాల ప్రస్తావన తెచ్చాడు. అవి మనిషి నిర్ణయించినవి కావు, తమంతట తామే నిలిచేవి. ఆధునిక పండితులు కొందరు వీటిని తీగలో పుట్టే అనుస్వరాలతో ముడిపెట్టారు. అయితే అదే గ్రంథంలో ఇంకో మాట కూడా ఉంది. వీణపై ఒక మెట్టు అన్ని తీగలకూ పని చేయాలి. ప్రతి సూక్ష్మ స్వరానికీ వేరే మెట్టు పెడితే వాయించడం సాగదు. అందుకని అంతర గాంధార, కాకలి నిషాదాలకు ప్రతినిధులుగా వాటికి దగ్గరి స్వరాలను వాడుకోవచ్చని అతడు ఒప్పుకున్నాడు. స్వయంభువును నమ్మినవాడే ప్రతినిధినీ అనుమతించాడు.

ఇక్కడ దర్శనాల తగవు ఒకటి గుర్తుకు వస్తుంది. శబ్దం నిత్యమని, ఉచ్చారణ దాన్ని వెల్లడిస్తుందే తప్ప పుట్టించదని మీమాంసకులు అన్నారు. శబ్దం పుట్టి నశించేదేనని నైయాయికులు ఖండించారు. మీమాంసకుల వాదం ప్రధానంగా వేదశబ్దం గురించినదే అయినా, శ్రుతి విషయంలో రెండు పక్షాలకూ చోటుంది. 3:2 అనే సంబంధాన్ని ఏ వాద్యకారుడూ పుట్టించలేదు. తీగ బిగించడం దాన్ని వెల్లడిస్తుంది. ఏ సంబంధాన్ని నిలపాలి, దేన్ని కాస్త వదులుకోవాలి అన్నది మాత్రం ప్రతిసారీ మనిషి చేసే పనే. 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు నాదాన్ని ఆహతం (తాకిడితో పుట్టేది), అనాహతం (తాకిడి లేకుండా ఉండేది) అని విడదీశాడు. చెవికి అందేదీ, శ్రుతి చేయగలిగేదీ ఆహతమే. సర్దుబాటు అవసరమయ్యేదీ అక్కడే.

ఆ సర్దుబాటుకు రెండు దారులున్నాయి. తంబురా దారిలో ఆధారషడ్జం ఒక్కటే ప్రభువు. మిగిలిన స్వరాలన్నీ దానితోనే శుద్ధంగా కలుస్తాయి, తమలో తాము ఎలా ఉన్నా పట్టింపు లేదు. గిటారు, హార్మోనియం దారిలో స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తారు. స్థాయిని 1200 సెంట్లుగా కొలిస్తే, 81/80 తేడా 21.5 సెంట్లు. గిటారు తీగల్లో ఒక్కో మధ్యమం సుమారు 2 సెంట్లు పెరుగుతుంది, గాంధారం సుమారు 14 సెంట్లు పెరుగుతుంది, లెక్క సరిపోతుంది. తారషడ్జం తప్ప ఏ స్వరమూ పూర్తిగా శుద్ధం కాదు, ఏదీ భరించలేనంత చెడదు.

రెండో దారిని శాస్త్రీయ సంగీతలోకం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా సడలించలేదు. అదే కాలంలో స్థానం నరసింహారావు వంటి నటులు ఆడిన తెనాలి రంగస్థలం మీద, కొలకలూరు లాంటి చుట్టుపక్కల ఊళ్ల పద్యనాటకాల్లో హార్మోనియమే ఆధారం. నటుడి గొంతు రాగంలో శుద్ధమైన అంతర గాంధారాన్ని వెతుక్కుంటుంది, హార్మోనియం పెట్టె దాని పక్కన సమభాగాల లెక్కలోని తన గాంధారాన్నే మోగిస్తుంది. వినేవారికి రెండూ కలిసే వినిపించాయి.

కనుక శ్రుతిశుద్ధి పూర్తిగా దైవదత్తమనడం, పూర్తిగా మనుషుల ఒప్పందమనడం రెండూ అసంపూర్ణమే. రెండు తీగల మధ్య శుద్ధి దొరికేది; దాన్ని ఎవరూ చేయరు. ఆరు తీగల మధ్య శుద్ధి పంచుకునేది; దాన్ని ఎలా పంచాలో ఎవరో ఒకరు తేల్చాలి. ఒకే ఆధారానికి కట్టుబడే భక్తికి తంబురా పద్ధతి నప్పుతుంది. ఎన్నో స్వరాలు సమానంగా కలిసి మోగాల్సిన చోట తలా కొంత వదులుకోక తప్పదు. తప్పు వచ్చేది ఒక పద్ధతిలో సర్దుబాటు చేసి, దాన్ని మరో పద్ధతిలోని శుద్ధిగా చెప్పుకున్నప్పుడే.