అవధూత గురువులు – మా మనుమని ప్రశ్న

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణ పరమాత్మ ఉద్ధవునకు ఒక అవధూత వృత్తాంతమును వినిపించెను. ఏ చింతయు లేక సంచరించు ఆ మహనీయుని చూచి యదు మహారాజు ఆశ్చర్యపడి కారణ మడుగగా, తనకు 24 గురువులు కలరని ఆయన చెప్పెను. భూమి, గాలి, ఆకాశము, నీరు, అగ్ని మొదలుకొని పావురము, కొండచిలువ, సముద్రము, తేనెటీగ – వీరే ఆ గురువులు! మానవస్వభావమును దిద్దు పాఠశాల మన చుట్టునే యున్నదని తాత్పర్యము. (తెలుగున ఈ స్కంధమును రచించినవాడు పోతనామాత్యుని శిష్యుడగు వెలిగందల నారయ.)

భూమి ఎవరెంత త్రొక్కినను తన ధర్మమును తప్పదు. అది సహనమును నేర్పును. తేనెటీగ పాఠములు రెండు. పూవును నొప్పింపక కొంచెము కొంచెముగా గ్రహించుట ఆచరింపదగినది. కూడబెట్టి, ఆ కూడబెట్టినదానితోనే నశించుట మానదగినది. ప్రకృతి చూపును, ఏరుకొనవలసినవాడు మనుష్యుడు.

చివరి గురువు కందిరీగ. అది మట్టిగూటిలో బంధించిన పురుగు, భయముచే దానినే ధ్యానించి తానును కందిరీగయే యగునని చెప్పబడినది. ఈ ఘట్టమును పాఠశాలలో ఎన్ని యేండ్లు బోధించితినో! మొన్నటి వర్షాకాలమున, ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమడు వసారా దూలము నుండి రాలిన గూటిని తెచ్చి చూపెను.

"తాతయ్యా, పురుగు కందిరీగ కాలేదు. కందిరీగ దానిని కుట్టి, తన పిల్లకు ఆహారముగా దాచినది. చూడండి, సగము తిన్నది. అవధూతగారికి ఇది తెలియదా?"

శాస్త్రమును ఆక్షేపింతువా యని గద్దించితిని. వాడు రెండు దినములు శ్లోకపాఠమునకు రాలేదు.

రెండవ రాత్రి గ్రంథము తెరచితిని. దానికి ముందరి శ్లోకము చెప్పునది వేరు: స్నేహముచే గాని, ద్వేషముచే గాని, భయముచే గాని మనస్సు దేనియందు పూర్ణముగ నిలుచునో, దేహి దాని రూపమునే పొందును. ఇది సిద్ధాంతము, పురుగు దృష్టాంతము మాత్రమే. పురుగు లోనికి పోవుట, కందిరీగ వెలువడుట పెద్దలు చూచిరి. నడుమ జరిగినది మట్టిగోడ చాటున జరిగినది. ఒక దృష్టాంతము సడలినంత మాత్రమున సిద్ధాంతము కూలదు. లేడిపిల్లను తలచుచు దేహము విడిచిన భరతుడు లేడియై పుట్టిన కథ పంచమ స్కంధమున కలదు. అంత దూరమేల? శాస్త్రమునకు హాని కలుగునేమో యను భయముతో, ఆనాడు వసారాలో నేనే కందిరీగనైతిని. భూమిని గూర్చి అన్నియేండ్లు బోధించినవాడను, ఒక్క ప్రశ్నను సహింపలేకపోతిని.

ఉదయమున వానిని పిలిచి, గూటిని మరల చూపుమంటిని. అగ్గిపెట్టెలో భద్రపరచినాడు! నా కన్నులకు సరిగా ఆనని తెల్లని పిల్లపురుగును పుల్లతో చూపుచు, ఒక్కొక్కటి వివరించెను. నా గద్దింపు వానికి జ్ఞాపకమున్నట్లే లేదు.

అవధూత గురువులలో మానావమానములు పట్టని బాలుడు ఒకడు కలడు. ఆ సాయంకాలము ఆ శ్లోకమును వాడే చదివెను, నేను వింటిని.