బాగుచేసిన యంత్రం: ఎవరి పేరు, ఎవరి పూచీ?

ఒక వస్తువులోని భాగాలన్నీ ఒక్కొక్కటిగా మార్చివేస్తే చివరకు మిగిలేది పాత వస్తువేనా, కొత్తదా? తత్త్వశాస్త్రంలో ఇది చాలా పాత ప్రశ్న. కళాశాలలో ఎప్పుడైనా ఈ ప్రశ్న ఎత్తితే విద్యార్థులు నవ్వుతారు. తీరికగలవాళ్ళు వేసుకునే ప్రశ్న అని వాళ్ళ అభిప్రాయం. అందులో కొంత న్యాయం లేకపోలేదు. జవాబు తప్పినందువల్ల ఎవరికీ నష్టం లేని ప్రశ్న కాలక్షేపమే. కాని ఇదే ప్రశ్న జంగారెడ్డిగూడెంలో ఒక రేకుల షెడ్డులో మరో రూపంలో నాకు ఎదురయింది. అక్కడ జవాబు తప్పితే మనిషి ప్రాణం పోవచ్చు. అందుచేత దాన్ని గూర్చి కాస్త నిదానంగా ఆలోచించటం అవసరమనుకుంటున్నాను.

ముందు వస్తువేమిటో చెప్పాలి. అడవిలో చెట్టు పడగొట్టిన తర్వాతనే అసలు కష్టం మొదలవుతుంది. దుంగను మొదలు దగ్గరినుంచి బాటదాకా ఈడ్చుకురావాలి. ఉత్తర అమెరికాలో 1960లలో ఈ పనికి స్కిడ్డర్ అనే యంత్రం బాగా వ్యాప్తిలోకి వచ్చింది. నాలుగు పెద్ద రబ్బరు చక్రాలు, నడుము దగ్గర మడతపడే చట్రం, వెనక ఇనుపతాడు చుట్టుకునే విన్చి: స్థూలంగా అదీ దాని స్వరూపం. మన గోదావరి ఏజెన్సీలో ఈ పని ఎడ్లు చేశాయి, మనుషులు చేశారు. అండమానులో ఏనుగులు చేశాయి. దుంగలనూ వెదురునూ తెప్పలుగా కట్టి గోదావరిమీద రాజమండ్రికి దింపేవారు. ట్రాక్టర్లు వచ్చాక, స్కిడ్డర్ కొనే స్తోమత లేనివాళ్ళు ట్రాక్టరు వెనకనే విన్చి బిగించి ఆ పని కానిచ్చారు. నేను చెప్పబోయేది అటువంటి యంత్రమే. ఇంగ్లండులోని డాగెన్‌హాంలో తయారైన ఫోర్డ్‌సన్ మేజర్ ట్రాక్టరు అది. ఆ కర్మాగారంలో ట్రాక్టర్ల తయారీ 1964లోనే ఆగిపోయింది. దానికి కావలసిన భాగాలు కొట్లో అడిగి తెచ్చుకునేవి కావు.

దాన్ని బాగుచేసిన మేస్త్రి నాకు కొంతకాలంగా తెలుసు. ఆయన దొరకని భాగాలను తానే చేసుకున్నాడు. బుష్షులు గన్‌మెటల్‌తో పోతపోయించి లేత్ మీద కోశాడు. గేరు చక్రంలో రెండు పళ్ళు విరిగి ఉంటే, విరిగినచోట రంధ్రాలు తొలిచి, మరలు కోసి, ఉక్కు మేకులు బిగించి, వాటిమీద వెల్డింగుతో లోహం పేర్చాడు. తర్వాత పక్క పన్ను ఆకారం రేకుమీద అచ్చు తీసుకుని, ఆ అచ్చుకు సరిపడేదాకా ఆకురాయితో రాశాడు. ఇది పూటలో అయ్యే పని కాదు. ఇలా మార్చుకుంటూ పోగా పాత యంత్రంలో మిగిలినవి చట్రం, ఇంజను దిమ్మ, ముందుభాగంలో కంపెనీ పేరున్న చిన్న రేకు.

ఇప్పుడు ప్రశ్న వేసుకుందాం. ఇది ఫోర్డ్‌సన్ ట్రాక్టరేనా?

మిలింద ప్రశ్నలలో నాగసేనుడు రాజును ఇటువంటి ప్రశ్నే అడుగుతాడు. నీవు రథమెక్కి వచ్చావు గదా, రథమంటే నొగా? ఇరుసా? చక్రాలా? ఏ ఒక్కటీ కాదని రాజు ఒప్పుకుంటాడు. వీటన్నిటి కలయికకు వాడుకలో పెట్టుకున్న పేరే రథమని సిద్ధాంతం తేలుతుంది. గ్రీకుల కథ కూడా ఇటువంటిదే. థీసియస్ ఎక్కివచ్చిన ఓడను ఎథెన్సు పౌరులు భద్రపరుస్తూ, చివికిన పలకలు తీసి కొత్తవి వేశారనీ, అది ఆ ఓడేనా కాదా అని తాత్త్వికులు రెండుగా చీలి వాదించుకున్నారనీ ప్లుటార్క్ రాశాడు. 17వ శతాబ్దంలో హాబ్స్ దీనికొక మెలిక పెట్టాడు: తీసివేసిన పాత పలకలన్నీ ఎవడో దాచి, వాటితో మళ్ళీ ఓడ కడితే ఏది అసలు ఓడ?

హాబ్స్ ప్రశ్నకు షెడ్డులో సమాధానం సులభంగా దొరుకుతుంది. ఇక్కడ తీసివేసిన పాత భాగాలు కిలోల లెక్కన పాతయినుప వ్యాపారికి పోయాయి. వస్తువంటే అందులోని పదార్థమే అనేవాళ్ళు ఆ ట్రాక్టరు తూకానికి అమ్ముడుపోయిందని ఒప్పుకోవలసి ఉంటుంది. పదార్థం కాదు, రూపమే ముఖ్యమంటారా? అందుకు మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండలో క్రీస్తుకు పూర్వపు శతాబ్దులనాటి గుండ్రని చైత్యగృహం ఉంది. దాని పైకప్పు లోపలివైపు కొయ్య వాసాలను పోలిన వాసాలు రాతిలో చెక్కారు. రాతికప్పు నిలవటానికి వాసాలు అక్కరలేదు. వడ్రంగుల రూపం కొయ్యను విడిచి రాతిలో బతికింది. అయినా దాన్ని ఎవరూ కొయ్య ఇల్లు అనరు. కనక రూపం ఒక్కటే చాలదు. పోనీ, ప్రయోజనమా? ఒకప్పుడు అడవి దుంగలు లాగిన ఈ యంత్రం ఇప్పుడు రైతులు సొంత చేలలో పెంచిన జామాయిల్ దుంగలు లాగుతున్నది. ప్రయోజనం కూడా మారనే మారింది.

ఈ వాదాలన్నిటిలోనూ నాకు ఒక లోపం కనిపిస్తుంది. నాగసేనుడు రథాన్ని గూర్చి రథమెక్కినవాణ్ణి అడిగాడు. రథం చేసినవాణ్ణి అడగలేదు. ఎథెన్సు తాత్త్వికులు ఓడను గూర్చి వాదించారు; పలకలు మార్చిన వడ్రంగి ఏమనుకున్నాడో మనకు చెప్పినవారు లేరు. చేసేవాణ్ణి పక్కకు పెట్టి వస్తువును చూస్తే దాని ఏకత్వం మాయలాగే కనిపిస్తుంది. చేసేవాడి వైపునుంచి చూస్తే అందులో మాయ ఏమీ లేదు. మేస్త్రి కొత్త పన్ను రాసేటప్పుడు దానికి కొలత ఎక్కడినుంచి వచ్చింది? పక్క పన్నునుంచి వచ్చింది. ఆ పక్క పన్ను డాగెన్‌హాంలో ఎవరో కార్మికుడు కోసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, ఒకరి భాష మరొకరికి రాదు. అయినా మొదటివాడి పని రెండవవాడి పనికి హద్దులు గీసింది. రెండవవాడి పని మొదటివాడి పనిని వృథా కాకుండా కాపాడింది. వాడుకలో లేని యంత్రం తుప్పుపట్టి చస్తుందనీ, సజీవమైన శ్రమ తాకినప్పుడే అందులోని గతకాలపు శ్రమ మేలుకుంటుందనీ మార్క్స్ చెప్పిన మాటకు ఇంతకంటె ప్రత్యక్షమైన నిదర్శనం ఉండదు. భాగాలు మారినా యంత్రం ఒకటేనని మనం అనగలిగితే, అది ఈ శ్రమపరంపర తెగనందువల్లనే.

సరే, అయితే దీనిలో ప్రాణాపాయం ఎక్కడుంది?

విన్చిలో డ్రమ్ము వెనక్కు తిరగకుండా పట్టి ఉంచే చిన్న ఉక్కు నాలుక ఒకటి ఉంటుంది. దుంగ ఏటవాలు మీద ఉన్నప్పుడు దాని బరువంతా ఈ నాలుక మీద పడుతుంది. అది విరిగితే దుంగ వెనక్కు జారుతుంది. తాడు తెగితే కొరడాలాగా విసిరికొట్టి ఎదుట ఉన్నవాణ్ణి చంపుతుంది. పాత నాలుక అరిగిపోయింది. దానిమీద వెల్డింగుతో లోహం పేర్చి సరిపెట్టటం సులభమైన దారి. మేస్త్రి అలా చెయ్యలేదు. పాత లారీ ఇరుసు కడ్డీలోనుంచి ముక్క కోసి, కొలిమిలో కాల్చి సాగగొట్టి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నని సెగమీద రంగు మారేదాకా కాచి పదును సరిచేశాడు. ఎప్పుడూ లాగనంత బరువు కట్టి, తాడు దరిదాపుల్లో ఎవరినీ నిలవనివ్వకుండా పరీక్షించాడు. ఇంత శ్రమ ఎందుకని అడిగితే ఆయన అన్నమాట ఇది: “కంపెనీవాడు తప్పు చేస్తే కాయితం పంపుతాడండి మాస్టారూ. నేను తప్పు చేస్తే ఆ మనిషి ఇంటికి నేను వెళ్ళాలండి.”

నీతిశాస్త్రంలో పూచీ అనే భావాన్ని గూర్చి ఇంతకంటె స్పష్టమైన నిర్వచనం నేను చదవలేదు. వస్తువు ఎవరిది అన్న ప్రశ్నకు మనం సాధారణంగా కొన్నవాడిదని గాని, పేరు ముద్రించినవాడిదని గాని జవాబు చెబుతాం. కాని విరిగినప్పుడు ఎవడు ఆ ఇంటికి వెళ్ళాలో వాడికి కూడా ఆ వస్తువుమీద ఒక హక్కు ఉన్నదని గుర్తించాలి.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. పేదతనంలో పుట్టిన అతుకుల పనిని ఘనకార్యంగా వర్ణించటం దేనికి? కొత్త యంత్రం కొనగలిగితే ఎవడైనా ఇలా కుస్తీపడతాడా? ఈ ఆక్షేపణ న్యాయమైనది. షెడ్డుల్లో కంటికి అద్దాలు లేకుండా వెల్డింగు చేసే కుర్రవాళ్ళనూ, వేళ్ళు పోగొట్టుకున్న పనివాళ్ళనూ చూసినవాడెవడూ లేమిని గూర్చి పద్యాలు చదవడు. మెచ్చుకోవలసింది లేమిని కాదు. లేమి ఎందరికో ఉంది. అందరూ ఆ నాలుకను అంత జాగ్రత్తగా చెయ్యరు. ఎలాగో ఒకలాగు నడిపించటం వేరు, పూచీపడి నడిపించటం వేరు. ఈ రెంటినీ ఒకే మాటతో పొగడటంవల్ల మొదటిదానికి లేని గౌరవం వస్తుంది, రెండవదానికి రావలసిన కూలి రాకుండా పోతుంది.

మరొక ఆక్షేపణ ఇంతకంటె లోతైనది. అడవిని నరికి ఈడ్చిన పనిముట్టును బతికించటం మంచిపనేనా? దీన్ని దాటవేయటానికి వీలులేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత ఏజెన్సీలో ఏం జరిగిందో మనకు తెలుసు. కోయలూ కొండరెడ్లూ పోడుకోసం చెట్టు కొడితే నేరమయింది. ఆ అడవిలోనే కంట్రాక్టరు పాట పాడుకుని కొడితే ఆదాయమయింది. 1922-24 మన్యం తిరుగుబాటు వెనక అడవిమీద ఆంక్షలు ఉన్నాయి, బాటల పనిలో జరిగిన వెట్టి ఉంది. దుంగ కదలటానికి బాట కావాలి. ఆ బాట కూడా గిరిజనుడి వీపుమీదనే పడింది. బరువైన యంత్రాలు అడవి నేలను అణగదొక్కి, గాళ్ళు చేసి, వాననీరు ఇంకకుండా చేస్తాయన్నది కూడా తెలిసిన విషయమే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు అడవుల నరికివేతకు గట్టి కళ్ళెం వేసింది. 2006లో అటవీ హక్కుల చట్టం, గిరిజనులకు జరిగినది చారిత్రకమైన అన్యాయమని ఒప్పుకుంది. 2008లో పాపికొండలు జాతీయ ఉద్యానవనమయింది.

యంత్రానికి పాపపుణ్యాలు లేవని సులభంగా తప్పించుకోవచ్చు. కాని శ్రమపరంపర తెగలేదు కనక ఇది అదే యంత్రమని పైన నేనే వాదించాను. యంత్రం అదే అయినప్పుడు దాని ఖాతా కూడా అదే. గతంలోని నైపుణ్యాన్ని వారసత్వంగా తీసుకుని గతంలోని అప్పును వద్దనటం కుదరదు. ఆ అప్పు మొదట కంట్రాక్టరుదీ, ప్రభుత్వానిదీ, మేస్త్రిది కాదు. అయితే బాగుచేయటమంటే ఆ యంత్రం ఇకముందు ఏం లాగాలి, ఎవరి నేలమీద లాగాలి అన్నదాన్ని మళ్ళీ ఒకసారి నిర్ణయించటమే. చచ్చిన యంత్రం ఏ తప్పూ చెయ్యలేదు. దాన్ని లేపినవాడు ఈ నిర్ణయంలో నోరు మెదపాలి. రైతు చేలో జామాయిల్‌కు సరేనన్న మేస్త్రి, రేపెవడైనా రిజర్వు అడవిలో దొంగ దుంగకు పిలిస్తే రానని చెప్పగలగాలి.

చెప్పగలగాలంటే అతనికి ఆ స్థానం ఉండాలి. ప్రపంచమంతటా ఇప్పుడు నడుస్తున్న ధోరణి దీనికి విరుద్ధంగా ఉంది. కొత్త ట్రాక్టర్ల లోపల కంప్యూటరు కూర్చుంది. దాని తాళం కంపెనీ దగ్గర ఉంటుంది. మరమ్మతులను తన అధీకృత డీలర్ల చేతిలో బంధించిందని జాన్ డీర్ కంపెనీమీద 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసింది. మన దేశంలో కూడా మరమ్మతు హక్కును గూర్చి కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక సంఘాన్ని నియమించింది. ఈ చర్చలో కొనుగోలుదారుడి హక్కు తరచు వినిపిస్తుంది, బాగుచేసేవాడి హక్కు అంతగా వినిపించదు. బాగుచేసే వీలే లేనిచోట పూచీపడేవాడు కూడా ఉండడు. కాయితం పంపేవాడే మిగులుతాడు.

కనక నేను కోరేది పెద్దది కాదు. కంపెనీ రేకును పీకవలసిన అవసరం లేదు. డాగెన్‌హాం కార్మికుడి శ్రమకు అదొక్కటే గుర్తు, అందులోనూ అతని పేరు లేదు. దాని పక్కన మరొక రేకు ఉండాలి. ఏ భాగం ఎవరు చేశారు, ఏ సంవత్సరంలో చేశారు, ఎంత బరువుకు పరీక్షించారు అన్నది దానిమీద చెక్కాలి. ఆ పేరుకు తగిన కూలి ఉండాలి, షెడ్డులో పనిచేసే కుర్రవాడికి బీమా ఉండాలి. అప్పుడు యంత్రం ఎవరిదన్న ప్రశ్నకు తాత్త్వికుల కోసం ఎదురుచూడనక్కరలేదు. చదువు వచ్చినవాడెవడైనా వంగి ఆ రేకు చూసి చెప్పగలుగుతాడు.