కాంచనసీత – మాయాశిరస్సు

మక్తల్ పడమటి ఆంజనేయస్వామి సన్నిధికి ఒక కుటుంబము వచ్చినదనుకొందము. తండ్రి గతించి మూడేండ్లయినది. పెద్దకుమారుడు పాలమూరు బిడ్డలెందరివలెనో బ్రతుకుతెరువునకై ముంబయిలో నున్నాడు. తల్లి ఫోటో తీయు యువకునితో, "బిడ్డా, స్వామి ముందర మేమందరం కలిసి నిలబడ్డట్టు ఒక్క ఫోటో చేసియ్యి" అనును.

అతడు చేయగలడు. కంప్యూటరులో ఆలయ చిత్రమును అడుగున నుంచును. తండ్రి రూపమును పాతచిత్రమునుండి అంచు వెంబడి వేరుచేసి, కుమారుని రూపమును అట్లే తీసి, ఒక్కొక్కటి ఒక్కొక్క పొరగా దానిపై నమర్చును. వెలుతురు దిక్కును, నీడలను, వర్ణములను సరిపుచ్చును. ఫోటోషాప్ అను సాధనమునకు ఈ పొరల సదుపాయము 1994లో వచ్చినది. కోరిక మాత్రము పాతదే. రాజస్థానమందలి నాథద్వారములో, శ్రీనాథజీని సేవించుచున్నట్లు వ్రాసిన పటములలో భక్తుల ముఖముల ఛాయాచిత్రములను కత్తిరించి అతికించెడివారు.

జరుగని కలయికను జరిగినట్లు చూపుట అసత్యము కాదా?

శ్రీమద్రామాయణమున రెండు కల్పిత రూపములు కలవు. యుద్ధకాండలో రావణుని ఆజ్ఞచే విద్యుజ్జిహ్వుడు శ్రీరాముని మాయాశిరస్సును కల్పించెను. దానిని చూచి సీతమ్మ విలపించినది. ఉత్తరకాండలో శ్రీరాముడు యజ్ఞమునందు పత్నీస్థానమున కాంచనసీతను నిలిపెను. రెండును లేనిదానికి రూపమిచ్చినవే. ఒకటి పాపమును, మరొకటి ధర్మమును ఏల అయినవి? స్వర్ణప్రతిమను చూచి ఆమెయే సీత యని యజ్ఞశాలలో నెవ్వరును భ్రమపడలేదు. సీత లేదన్న నిజమును అది దాచలేదు. ఆ స్థానము మరొకరిది కాదని చాటినది. మాయాశిరస్సో, చూచువారిని నమ్మించుటకే పుట్టినది.

ఆ తల్లి కోరినది కాంచనసీతనే. పతి లేడని ఆమెకు తెలియును; మనసున నిత్యమును తనతో నున్నవానిని ఒక్కమారు పటమున చూడగోరినది. ఇందు దోషము లేదు. కాని నలుబదియేండ్లకు మనుమడు ఆ పటమును చూచి, "తాతగారును ఆనాడు దర్శనమునకు వచ్చిరి" అని నమ్మినచో? తెలిసినవారు పోయిన పిమ్మట కాంచనసీతయే మాయాశిరస్సగును.

కావున పటము వెనుక రెండు వాక్యములు వ్రాసియుంచవలెను: ఏ సంవత్సరమున కూర్చినది, ఆనాడు సన్నిధిలో నిజముగా నిలిచినవారెవ్వరు, మనసున మాత్రమే నిలిచినవారెవ్వరు. పొరలన్నియు కలిపివేసిన ప్రతితోపాటు, విడివిడిగా నున్న ప్రతిని గూడ భద్రపరుపుమని ఆ యువకుని కోరవలెను. ఇందుచే ఊరట తగ్గదు. లేనివారికై తల్లి పడిన తపనయు మనుమనికి తెలియును.

విగ్రహమునుండి కాంతి వెలువడినట్లు చిత్రము కల్పించి, "మహిమ చూడుడు" అని సెల్‌ఫోనులలో పంపుట మాత్రము మాయాశిరస్సు జాతిలోనిదే. స్వామి మహిమకు మన కల్పనల సాయ మక్కరలేదు.

అశోకవనమున హనుమ సీతమ్మకు అందించినది చిన్న అంగుళీయకమే. అది నిజమైన ఆనవాలు గనుకనే ఆమెకు ప్రాణము లేచివచ్చినది. మన యింటి పటములును అట్టి ఆనవాళ్ళుగా నిలుచునట్లు ఆ స్వామి అనుగ్రహించుగాక!