అడిగెడి బిడ్డ

మన ఇండ్లలో బిడ్డ "ఎందుకు?" అని రెండవ మారు అడిగిన యెడల, "ఎదురు ప్రశ్న వేయకు" అందుము. ఆ మాట అనని తలిదండ్రులు అరుదు. పెద్దలను గౌరవించుట నేర్పుచున్నామని మన తలంపు. అయితే ఆ బిడ్డ పదునెనిమిదేండ్లకు ఇల్లు విడిచి పట్టణమునకు పోయినప్పుడు ఏమగునో ఆలోచించితిమా?

హైదరాబాదులో జూబ్లీ హిల్స్, ఫిలిం నగర్ అను పేటలు నేడు తెలుగు సినిమాకు నిలయములు. మునుపు మన చిత్రములు ఎక్కువగా మద్రాసులో తయారగుచుండెను. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఆ ప్రాంతపు రాతినేలపై అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. క్రమక్రమముగా పరిశ్రమ ఇచ్చటికి తరలివచ్చెను. జూబ్లీ హిల్స్‌కు దిగువను కృష్ణానగర్ అను చోటున్నది. వేషము కోరి పల్లెల నుండి వచ్చు పిల్లలు అక్కడ అద్దె గదులలో నలుగురైదుగురు చేరి, పని పిలుపు కొరకు కనిపెట్టుకొనియుందురు. మన సంఘముల పిల్లలు వారిలో లేరనుకొనరాదు.

అక్కడికి పోవు బిడ్డ మనసులోని ప్రశ్న ఒక్కటే: "నాకు వేషము దొరుకునా?" దీనికి నిజమైన జవాబు చెప్పగలవాడు లేడు. కనుకనే మోసగాడు చెప్పును. "తప్పక దొరుకును, ముందు ఫొటోలకు ఇంత కట్టుము" అనును. జవాబు చెప్పదగిన ప్రశ్నలు వేరు. ఈ చిత్రము తీయువారెవరు, వారి ఆఫీసు ఎక్కడ? రోజుకు కూలి ఎంత, అది ఎవరు ఇచ్చెదరు? పని చేయించుకొనువారు కూలి ఇవ్వవలెను గదా, నన్నే డబ్బు అడుగుట ఏమి? రాత్రివేళ ఒంటరిగా రమ్మనుట ఎందుకు? ఇవి విని నిజాయితీపరుడు నొచ్చుకొనడు. మోసగాడు మాత్రము, "పెద్దవారిని ఇట్లు అడుగుదురా?" అనును. వింటిరా, అది మన ఇంటి మాటయే! చిన్ననాటి నుండి ఆ మాటకు తల వంచిన బిడ్డ అక్కడను తల వంచును.

2018 ఏప్రిల్‌లో ఒక నటి ఫిలిం నగర్‌లోని ఫిలిం ఛాంబరు ఎదుట నిరసన తెలిపినప్పుడు, వేషముల పేరిట స్త్రీలను లొంగదీయుట గూర్చి దేశమంతట మాటలాడుకొనిరి. ఆమె ఎన్నుకొన్న విధమును పలువురు తప్పుపట్టిరి. అయినను, ఆ తరువాత ఇతర స్త్రీలును నోరు తెరచిరి. 2019లో తెలంగాణ ప్రభుత్వము ఈ సంగతి విచారించుటకు ఒక కమిటీని నియమించెను. అంతకు ముందు ఎన్ని ఏండ్లు ఎందరు మిన్నకుండిరో!

చిత్రమేమనగా, అదే సినిమా పనిలో ప్రశ్నకు గొప్ప మర్యాద యున్నది. కథ వరుసగా షూటింగు జరుగదు. నాయిక వాకిట నిలుచు దృశ్యము నేడు, ఇంటిలోనికి అడుగు పెట్టు దృశ్యము నెల దినములకు తీయవచ్చును. అందుచేత సహాయ దర్శకుడు, ఒక్కొక్కప్పుడు అందరిలోను చిన్నవాడు, "అమ్మా, ఆ నాడు ఈ గాజులేనా? చెంబు ఏ చేతనుండెను?" అని పేరుపొందిన నటులనే అడిగి సరిచూచుకొనును. అది పొగరని ఎవరును అనరు. అతడు మొగమాటపడి ఊరకుండిన యెడల, ఎందరో కష్టపడిన ఒక దినపు పని చెడిపోవును.

లూకా సువార్త రెండవ అధ్యాయము మరల చదువుడి. పన్నెండేండ్ల బాలుడైన యేసు దేవాలయములో పండితుల చెంత కనబడెను. ఆయన మొదట విన్నాడు, పిమ్మట అడిగినాడు. వినకుండ వేసిన ప్రశ్న వాదమే గాని ప్రశ్న కాదు. ఆ పండితులు ఆయనను కసరినట్లు వ్రాయబడలేదు. వెదకి వెదకి అలసిన తల్లి అడిగినప్పుడు, ఆయన జవాబు కూడ ప్రశ్న రూపముననే వచ్చెను. ఇది మన ఇంటిలోనైతే చెంపదెబ్బకు తగిన సంగతియే. అయితే అదే బాలుడు తలిదండ్రులతో నజరేతుకు పోయి వారికి లోబడి పెరిగెను. ఈ చివరి మాటను మనము ఆదివారపు బడిలో బాగుగా బోధింతుము. ముందటి సంగతిని దాటిపోవుదుము.

కాబట్టి బిడ్డ పట్నము బయలుదేరు నాడు, పెట్టె సర్దకముందే తండ్రి ఆ డబ్బులడుగు ఏజెంటువలె ఎదుట కూర్చుండి, పై ప్రశ్నలన్నియు తననే అడుగుమనవలెను. మొదటి మారు బిడ్డకు నోరు రాదు. తండ్రి కోపపడక, తిరిగి అడుగుమనవలెను.